పళ్లెం చప్పుడుకు ఉలిక్కిపడితే చెవులు బాగున్నట్టేనా?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి పెద్దబ్బాయి మార్కుల గురించి మాట్లాడాక, ఒళ్లో ఉన్న తొమ్మిది నెలల పాపను చూపించి అడిగారు: "మేడమ్, పిలిస్తే తిరగదు. పళ్లెం కింద పడితే మాత్రం ఉలిక్కిపడుతుంది. చెవులు బాగున్నట్టేనా?" పక్కనున్న నాయనమ్మ "మావాడికీ మూడేళ్లకే మాటలొచ్చాయి, ఏం కాదులే" అన్నారు. నేను డాక్టర్‌ని కాదు. అయినా ఇలాంటి అనుమానం ఇంకా కొన్ని ఇళ్లలో ఉండొచ్చు కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

పళ్లెం పరీక్షను నమ్మకండి. పళ్లెం పడితే నేల అదురుతుంది. వెనక నుంచి చప్పట్లు కొడితే గాలి తగులుతుంది, నీడ కదులుతుంది. వినపడని బిడ్డ కూడా వాటికి తిరుగుతుంది. పైగా చెవుడంటే బొత్తిగా వినపడకపోవడమే కాదు. డప్పు, ఉరుము లాంటి బరువైన శబ్దాలు వినిపించి. స, చ, త లాంటి సన్నని శబ్దాలు అందని పిల్లలున్నారు. వాళ్లకు 'అమ్మా' అందుతుంది, 'చిట్టీ' సగమే అందుతుంది. ఊ కొడుతోంది కదా అని ధైర్యపడటానికీ లేదు. పుట్టుచెవుడున్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ కొడతారు. ఏడు నుంచి పది నెలల మధ్య 'బబబ', 'దదద' అనడం రాకపోతే అప్పుడు తేడా తెలుస్తుంది.

తేల్చేది మిషన్ పరీక్షే. ఓఏఈ అనే పరీక్షలో నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి శబ్దం పంపిస్తారు. లోపలి చెవి బాగుంటే సన్నని ప్రతిధ్వని తిరిగొస్తుంది. కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు. అందులో పాస్ కాకపోతే బేరా చేస్తారు. శబ్దం నరం ద్వారా మెదడు దాకా వెళ్తోందో లేదో అది చెబుతుంది. పుట్టగానే ఐసీయూలో ఎక్కువ రోజులున్నా, కామెర్లు తీవ్రంగా వచ్చినా, మెదడువాపు జ్వరం వచ్చినా, మేనరికం వల్ల గానీ మరోలా గానీ కుటుంబంలో చెవుడున్నా బేరా గురించి మీరే అడగండి. ఇంట్లో చిన్నబిడ్డ ఉంటే డిశ్చార్జ్ ఫైలు తీసి ఓఏఈ అన్న మాట ఉందేమో ఈ రోజే చూడండి.

డాక్టర్లు చెప్పే లెక్క ఇది: నెల లోపు స్క్రీనింగ్, 3 నెలల లోపు నిర్ధారణ, 6 నెలల లోపు వినికిడి యంత్రం. మాట నేర్చుకునే శక్తి మెదడుకు మొదటి మూడేళ్లలోనే ఎక్కువ. మూడేళ్లు ఆగి చూద్దామంటే పోయేది ఆ కాలమే. తొమ్మిది నెలలు దాటాయని వదిలేయమని కాదు, ఈ వారమే వెళ్లమని.

మనవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీములు పిల్లల్లో చెవుడును కూడా చూస్తాయి. కానీ అవి వెళ్లేది అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ. బిడ్డను అంగన్‌వాడీకి పంపకుండా నేరుగా మన దగ్గర నర్సరీలో చేర్చే ఇళ్లలో ఆ పరీక్ష జరగకుండానే పోతుంది. మీరే బయల్దేరాలి. ఒంగోలు, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్ స్టేషన్ల నుంచి గుంటూరుకు నేరుగా రైలుంది.

యంత్రంతో సరిపోని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేస్తారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ఎందరో పిల్లలకు ఇది చేశారు. కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకంలోనూ ఉంది, కానీ పుట్టుచెవుడున్న పిల్లలకు 5 ఏళ్లు దాటితే వర్తించదు. ఆపరేషన్ అయిన రోజునుంచే మాటలు రావు. ఏడాదికి పైగా థెరపీకి తిరగాలి. మన వైపు నుంచి ఆ ప్రయాణం తేలిక కాదు, తండ్రి కూడా సెలవు పెట్టక తప్పదు.

ఈలోగా చెవిలో నూనె పోయకండి. కోడలిని తప్పుపట్టకండి. బిడ్డకు ముఖం కనిపించేలా కూర్చుని మాట్లాడండి, తెలుగులోనే. ఇంగ్లీష్ టీచర్నే చెబుతున్నాను, ఇంగ్లీష్ సంగతి తర్వాత మేం చూసుకుంటాం. యంత్రం పెట్టుకున్న బిడ్డను స్కూల్లో చేర్చేటప్పుడు క్లాస్ టీచర్‌కు ముందే చెప్పండి. ముందు వరుసలో, ఫ్యాన్ మోత తక్కువగా ఉన్న చోట కూర్చోబెడతాం.