డెండ్రైటిక్ కణం శత్రువు ఆనవాలును ఎలా చూపిస్తుంది?

చర్మంలో, ఊపిరితిత్తుల్లో ఉండే డెండ్రైటిక్ కణాలు అనే రోగనిరోధక కణాలు సూక్ష్మజీవులను మింగి, వాటి ప్రోటీన్లను ముక్కలు చేస్తాయి. ఎంహెచ్‌సీ-2 అనే ప్రోటీన్ ఒక్కో ముక్కను తన గాడిలో పట్టుకుని, కణం పైపొర మీద టీ కణాలనే మరో రకం రోగనిరోధక కణాలకు చూపుతుంది. మామూలు రోజుల్లో ఈ ప్రదర్శన ఎంతోసేపు నిలవదు. మార్చ్-1 అనే ఎంజైమ్, పారేయాల్సిన సరుకుకు చీటీ అంటించినట్టు, ఎంహెచ్‌సీ-2కు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను తగిలిస్తుంది. దాంతో అది లోపలికి వెళ్లి కణంలోని జీర్ణ సంచులైన లైసోజోముల్లో కరిగిపోతుంది.

సూక్ష్మజీవి జాడ తగిలితే కథ మారుతుంది. మార్చ్-1 తగ్గిపోతుంది, ఎంహెచ్‌సీ-2 పైపొర మీదే నిలిచిపోతుంది. కొంతసేపటికి కొత్త ఎంహెచ్‌సీ-2 తయారీ కూడా ఆగుతుంది. అసలు చమత్కారం ఇక్కడే ఉంది: కణం తానున్న చోటి నుంచి బయలుదేరి, టీ కణాలుండే లింఫు గ్రంథికి చేరేసరికి, దారిలో దొరికినవి కాక, తొలుత పట్టుకున్న ముక్కలే ఎక్కువగా కనిపిస్తాయి. డెండ్రైటిక్ కణాలను 1973లో వెలుగులోకి తెచ్చిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి దక్కింది.