ఒంటరి భోజనానికి బిల్లెంత?

2020 జనగణన ప్రకారం జపాన్‌లో ప్రతి 100 ఇళ్లలో 38 ఇళ్లలో ఉండేది ఒక్కరే. అంతమంది ఒంటరివాళ్లు రోజూ ఎక్కడో ఒకచోట తినాలి కదా! అందుకే అక్కడి హోటళ్లు వంటగదికి ఎదురుగా పొడవాటి కౌంటర్ కట్టి, ముందు ఎనిమిదో పదో స్టూళ్లు వేస్తాయి. నలుగురు పట్టే టేబుల్ ఒక్కరికిచ్చి మూడు సీట్లు పోగొట్టుకునే బాధ ఓనరుకు లేదు. గుమ్మంలో చూపుడువేలు ఎత్తి చూపించండి, ఓ స్టూలు చూపిస్తారు. ఇచిరాన్ అనే రామెన్ (నూడుల్స్ సూప్) షాపుల్లోనైతే సీటుకీ సీటుకీ మధ్య చెక్క అడ్డం కూడా ఉంటుంది. ఎదురుగా చిన్న తెర లేస్తుంది, రెండు చేతులు గిన్నె పెడతాయి, తెర దిగుతుంది.

రామెన్ గిన్నె ఇంచుమించు 1,000 యెన్‌లు. మంచినీళ్లు ఉచితం, టిప్పు ఇచ్చే అలవాటే లేదు. చాలాచోట్ల ముందుగా మెషీన్‌లో డబ్బులేసి చీటీ తీసుకోవాలి. అక్షరాలు అర్థంకాకపోతే ఎడమవైపు పైమూల బటన్ నొక్కండి, తరచూ ఆ షాపు స్పెషల్ అక్కడే ఉంటుంది. 10,000 యెన్‌ల నోటును చాలా మెషీన్లు తీసుకోవు. 2024 జూలైలో వచ్చిన కొత్త నోట్లు కూడా కొన్ని పాత మెషీన్లకు పట్టవు. నాణేలు దగ్గరుంచుకోవడం మేలు.

ఒంటరివాడి జేబుకు చిల్లు పడేది ఇజకాయాలో, అంటే మందూ చిరుతిళ్లూ దొరికే చోట. కూర్చోగానే అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో పెడతారు. దాని పేరు ఓతోషి, మనిషికి 300 నుంచి 500 యెన్‌లు. ఓతోషి 400, ఒక బీరు 500, రెండు వంటకాలు 1,200 అనుకుందాం: మొత్తం 2,100. ఆ ధరలు పన్ను కలపనివైతే 10 శాతం కలిపి 2,310. పన్నుతో కలిపిన ధర చూపించాలని 2021 ఏప్రిల్ నుంచి నిబంధన ఉన్నా, పన్ను లేని ధరను పెద్ద అంకెల్లో వేసే మెనూలకు కొదవలేదు. పక్కనున్న చిన్న అంకె చదవండి. పైగా ముగ్గురు వెళ్తే ఆరు రకాలు పంచుకుంటారు, ఒక్కరికి రెండింటితోనే కడుపు నిండుతుంది. నా దృష్టిలో నిజమైన నష్టం అదే.

శాకాహారులకు ఇంకో మెలిక. కూరగాయల వంటకంలోనూ, సూప్‌లోనూ తరచూ ఎండుచేపల రసం ఉంటుంది. ముందే అడగాలి.

ఖరీదైన సుషీ షాపులు కొన్ని ఇద్దరికి తక్కువైతే బుకింగ్ తీసుకోవు. అలాంటప్పుడు మధ్యాహ్న భోజనానికి ప్రయత్నించండి. అదే వంటగది, అదే కౌంటర్, ధర మాత్రం రాత్రి కంటే బాగా తక్కువ.