తీవ్ర జీర్ణకోశ వ్యాధులు – ఆయుర్వేద దృక్పథం

వర్షాకాలం ఆరంభమైన తరువాత తాగునీటి కాలుష్యం వల్ల వాంతులు, విరేచనాలు ప్రబలడం ఏటా చూస్తున్నదే. ఇటువంటి సమయంలో "లంఖణం పరమౌషధం" అన్న నానుడిని పట్టుకొని రోగికి అన్నంతోపాటు నీటిని కూడా మాన్పించే అలవాటు కొన్ని కుటుంబాలలో ఇంకా కనిపిస్తుంది. పసిపిల్లల విషయంలో ఈ అలవాటు ప్రాణాంతకం కాగలదు. తీవ్ర జీర్ణకోశ వ్యాధులను గురించి ఆయుర్వేద గ్రంథాలు ఏమి చెప్పాయో, వాటిని నేటి వైద్య విజ్ఞానంతో ఎలా సమన్వయించుకోవాలో తెలుసుకోవడం అందుకే అవసరం.

అగ్ని, ఆమం

ఆయుర్వేద శాస్త్రం ప్రకారం జీర్ణక్రియకు మూలం జఠరాగ్ని. ఇది సమాగ్ని, విషమాగ్ని, తీక్ష్ణాగ్ని, మందాగ్ని అని నాలుగు విధాలు. అగ్ని మందగించినప్పుడు పూర్తిగా పచనం కాని ఆహారరసాన్ని "ఆమం" అంటారు. తీవ్ర జీర్ణకోశ వ్యాధులలో అధిక భాగానికి ఈ ఆమమే కారణమని శాస్త్రం చెబుతుంది.

ఉదరంలో ఒక భాగాన్ని ఘనాహారానికి, ఒక భాగాన్ని ద్రవాలకు, మిగిలిన భాగాన్ని వాత, పిత్త, కఫాల సంచారానికి విడిచిపెట్టాలని చరక సంహిత విమానస్థానం రెండవ అధ్యాయంలో సూచించారు. తిన్నది అరగక ముందే మళ్ళీ తినడాన్ని అధ్యశనమని, వేళ తప్పి తినడాన్ని విషమాశనమని అంటారు. భయం, శోకం, క్రోధం వంటి మానసిక కారణాల వల్ల కూడా, మితంగా తిన్న ఆహారం సైతం సరిగా జీర్ణం కాదని అదే అధ్యాయం పేర్కొంటుంది.

అజీర్ణంలో నాలుగు భేదాలు

అజీర్ణం ప్రధానంగా నాలుగు విధాలు. ఆమాజీర్ణంలో శరీరం బరువుగా ఉండి, వికారం కలిగి, తిన్న పదార్థపు వాసనతోనే త్రేన్పులు వస్తాయి. విదగ్ధాజీర్ణంలో పుల్లని త్రేన్పులు, దాహం, మంట ఉంటాయి. విష్టబ్ధాజీర్ణంలో కడుపు ఉబ్బి, నొప్పి కలిగి, మలవాతాలు స్తంభిస్తాయి. రసశేషాజీర్ణంలో త్రేన్పులు శుద్ధంగానే ఉన్నా ఆహారంపై అయిష్టత, గుండె ప్రాంతంలో బరువు ఉంటాయి. వీటికి వరుసగా లంఘనం, వమనం, స్వేదనం, విశ్రాంతి హితమని సుశ్రుత సంహిత చెబుతుంది. వమనం వంటి ప్రక్రియలు అర్హత గల వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే జరగాలి.

విసూచిక, అలసకం, విలంబిక

ఆమదోషం తీవ్రరూపం దాల్చినప్పుడు విసూచిక, అలసకం అనే వ్యాధులు కలుగుతాయని చరకుడు వివరించాడు. విలంబిక అనే మూడవదానిని సుశ్రుత సంహిత, మాధవ నిదానం కూడా వర్ణించాయి.

సూదులతో గుచ్చినట్లు నొప్పి ఉంటుంది కనుక విసూచిక అనే పేరు వచ్చింది. ఇందులో దోషాలు వాంతి రూపంలో పైకి, విరేచన రూపంలో కిందికి వెలువడతాయి. తెలుగులో విషూచి అన్న మాట కలరాకు రూఢమైనప్పటికీ, ప్రాచీన గ్రంథాలలోని విసూచిక వాంతులు, విరేచనాలు కలిసి వచ్చే అనేక స్థితులకు వర్తిస్తుంది. అందువల్ల ఆ పదం కనిపించిన ప్రతిచోటా కలరా అని అనువదించడం సరికాదు.

అలసకంలో ఆహారం పైకీ రాదు, కిందికీ పోదు, పచనమూ కాదు. కడుపు విపరీతంగా ఉబ్బి తీవ్రమైన నొప్పి కలుగుతుంది. శరీరం కర్రవలె బిగుసుకుపోయే దండాలసకం అసాధ్యమని చరకుని నిర్ణయం. విలంబికను కూడా చికిత్సకు లొంగడం కష్టమైన వ్యాధిగానే పరిగణించారు. ఇటువంటి లక్షణాలున్న రోగిలో ప్రేగులు మూసుకుపోయాయేమో వెంటనే పరీక్షించాలి. అవసరమైతే శస్త్రచికిత్స చేయవలసి ఉంటుంది. ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు.

పళ్ళు, పెదవులు, గోళ్ళు నల్లబారడం, స్పృహ తగ్గడం, కళ్ళు లోపలికి పోవడం, గొంతు క్షీణించడం, కీళ్ళు పట్టు సడలడం విసూచికలో ప్రాణాపాయ సూచనలని మాధవ నిదానం పేర్కొంది. శరీరంలో నీరు, లవణాలు తీవ్రంగా తగ్గిపోయిన రోగిలో నేటి వైద్యులు చూసే లక్షణాలతో ఇవి చాలావరకు సరిపోతాయి.

అతిసారం – ఆమ, పక్వ దశలు

చరక సంహిత చికిత్సాస్థానం 19వ అధ్యాయం అతిసారాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాత, భయ, శోక భేదాలతో ఆరు విధాలుగా విభజించింది. చికిత్సకు ముందు అది ఆమ దశలో ఉందా, పక్వ దశలో ఉందా అని నిర్ణయించడం ముఖ్యం. మలం నీటిలో మునిగితే ఆమమని, తేలితే పక్వమని సంప్రదాయ పరీక్ష. ఆమ దశలో విరేచనాలను బలవంతంగా బంధించే మందులు ఇస్తే ఉబ్బరం, అలసకం, గ్రహణి, వాపు వంటి ఉపద్రవాలు కలుగుతాయని చరకుడు హెచ్చరించాడు. చిన్నపిల్లలకు అటువంటి మందులు ఇవ్వరాదని ఆధునిక వైద్యమూ చెబుతున్నది.

లంఘనాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

విసూచికలో మొదట లంఘనం, ఆ తరువాత విరేచన చికిత్స పొందిన వానికి వలె పేయాది క్రమం పాటించాలని చరకుడు విధించాడు. లంఘనం అంటే శరీరానికి లాఘవం కలిగించేది. వమనం, పాచనం, ఉపవాసం మొదలైన పది విధాల లంఘనాలలో దాహాన్ని నిగ్రహించడం కూడా ఒకటి. అయితే నీళ్ళ విరేచనాలవుతున్న రోగికి దీనిని వర్తింపజేయరాదు. ఈ వ్యాధిలో మరణానికి ప్రధాన కారణం నీరు, లవణాలు కోల్పోవడమేనని నేడు నిస్సందేహంగా తేలింది.

అతిసార చికిత్సాధ్యాయం సైతం రోగికి నీరు మాన్పించమని చెప్పదు. తుంగముస్తలు, పర్పాటకం వేసి గాని, కురువేరు, శొంఠి వేసి గాని కాచిన నీటిని తాగించమని, ఆకలి వేళకు తేలికైన ఆహారం పెట్టమని చెబుతుంది. మండం, పేయ, విలేపి అనే క్రమంలో పలుచని గంజి నుంచి చిక్కని జావ వరకు ఇచ్చే పద్ధతి కూడా ఈ సంప్రదాయంలోనిదే.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం చక్కెర, లవణాల ద్రావణం తాగించి మరణాల రేటును గణనీయంగా తగ్గించింది. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. ఇవ్వడం నేడు ప్రాథమిక చికిత్స. ప్యాకెట్‌పై సూచించిన పరిమాణంలో శుభ్రమైన నీటిలో పొడి మొత్తాన్ని కలిపి, 24 గంటలలోగా వాడాలి. పిల్లలకు 10 నుంచి 14 రోజుల పాటు జింకు ఇవ్వాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సంయుక్తంగా సిఫారసు చేశాయి. తల్లిపాలు ఎట్టి పరిస్థితిలోనూ ఆపరాదు.

ఔషధాల విషయంలో జాగ్రత్త

సాధారణ అజీర్ణానికి ఇంగువ, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, జీలకర్ర మొదలైన ఎనిమిది ద్రవ్యాలతో చేసే హింగ్వాష్టక చూర్ణాన్ని, అతిసారానికి లేత మారేడు కాయ, కొడిసెపాల చెక్కతో చేసిన యోగాలను వైద్యులు వాడతారు. విసూచికకు శార్ఙ్గధర సంహిత చెప్పిన సంజీవని వటిలో వసనాభి, నల్లజీడి ఉంటాయి. శుద్ధి చేయని వసనాభి ఘోర విషం. కనుక ఇటువంటి మందులను సొంతంగా కొని వాడరాదు. వీటిలో ఏదీ ఓ.ఆర్.ఎస్.కు ప్రత్యామ్నాయం కాదు.

నివారణే ప్రధానం

వాయువు, జలం, దేశం, కాలం చెడినప్పుడు జనపదాలే నశిస్తాయని విమానస్థానం మూడవ అధ్యాయం చెబుతుంది. ఒకే గ్రామంలో, ఒకే వీధిలో పలువురికి విరేచనాలు మొదలైతే ఆ జలాన్నే ముందుగా అనుమానించాలి. పైపుల లీకేజీలను సరిచేయడం, క్లోరినేషన్ చేయించడం, కాచి చల్లార్చిన నీరు తాగవలసిందిగా చాటింపు వేయించడం స్థానిక యంత్రాంగం తక్షణం చేయవలసిన పనులు.

కళ్ళు గుంటలు పడటం, మగత, మూత్రం రాకపోవడం, నీరు తాగలేకపోవడం, మలంలో రక్తం, కడుపు ఉబ్బి మలవాతాలు నిలిచిపోవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108 వాహనాన్ని పిలిపించి రోగిని ఆసుపత్రికి తరలించాలి. వాహనం వచ్చేలోగా, రోగి స్పృహలో ఉండి మింగగలిగితే, కడుపు ఉబ్బి మలవాతాలు నిలిచిపోయిన స్థితి కానట్లయితే, ఓ.ఆర్.ఎస్. ద్రావణాన్ని కొద్దికొద్దిగా తాగిస్తూనే ఉండాలి.