‘మాలపల్లి’ నిషేధం – మనకొక పాఠం

గుంటూరు జిల్లాకు చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవెల్లూరు జైలులో ‘మాలపల్లి’ నవల వ్రాశారు. 1922లో వెలువడిన ఆ గ్రంథంలో అంటరాని కూలీల గోడు ఉంది. బోల్షెవిక్ భావాలను రేకెత్తిస్తుందంటూ మద్రాసు ప్రభుత్వం 1923లో దానిని నిషేధించింది. 1928లో మార్పులతో వెలువడినా 1936లో మళ్ళీ నిషేధించారు. 1937లో రాజాజీ మంత్రివర్గం నిషేధాన్ని ఎత్తివేసింది. తీర్పు అధికారుల చేతిలో ఉన్నందున పేదవాని గోడు కూడా నేరమైంది.

మన మనసు నొప్పించే పుస్తకం వచ్చినప్పుడు మనమూ ఆ అధికారులనే ఆశ్రయిస్తాం. కాని మాటను శ్రద్ధగా విని, అందులో ఉత్తమమైనదానిని అనుసరించేవారే సన్మార్గం పొందినవారని దివ్యఖుర్ఆన్ (39:18) చెబుతున్నది. వినకుండా ఎంచుకొనేదెలా? ఇమామ్ గజాలీ తత్వవేత్తల సిద్ధాంతాలను క్షుణ్ణంగా చదివి, వాటిని వివరిస్తూ ముందు ‘మఖాసిద్’ వ్రాశారు. వాటిని ఖండిస్తూ ‘తహాఫుత్’ వ్రాసింది ఆ తర్వాతనే. చదివినవాని ఖండనకే బలం.