దక్షిణ జార్జియా దీవిలో సీళ్ల వేట

వేటకు లైసెన్సు ఇచ్చు ప్రభుత్వము జంతువును కాపాడుచున్నదా, లేక చంపుటకు సమ్మతించుచున్నదా? ఈ ప్రశ్నకు దక్షిణ అట్లాంటిక్ సముద్రమందలి దక్షిణ జార్జియా దీవి చరిత్రలో కొంత సమాధానము కలదు. దానినే శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1775లో కెప్టెన్ కుక్ ఈ మంచుదీవిపై కాలుమోపెను. అచ్చటి సీళ్ల వార్త విని బ్రిటిషు, అమెరికా వేటగాండ్రు వచ్చిపడిరి. అడుగు ప్రభుత్వము లేదు, ఆపు చట్టము లేదు. 1800–01లో ‘ఆస్పేషియా’ అను ఒక్క ఓడయే 57,000 తోళ్లు కొనిపోయెను. 1825 నాటికి పన్నెండు లక్షల తోళ్లు తరలిపోయినవని జేమ్స్ వెడ్డెల్ అంచనా కట్టెను. శతాబ్దాంతమునకు బొచ్చు సీలు కనబడుటయే అరుదయ్యెను.

మిగిలినది ఏనుగు సీలు. దీని మగది మూడు నాలుగు టన్నులు తూగును. కొవ్వును కాచిన నూనె వచ్చును. 1910 నుండి ఫాక్లండ్ దీవుల ప్రభుత్వము దీని వేటకు లైసెన్సు నిచ్చెను. పెద్ద మగ జంతువులనే చంపవలెను. ఆడవాటిని, పిల్లలను ముట్టరాదు. తీరమును నాలుగు భాగములు చేసి, ఏటేట ఒక భాగమును వంతువారీగా, రైతు చేనిని బీడుంచినట్లు, విడిచిపెట్టవలెను. ఒక మగ సీలు చుట్టును అనేకమైన ఆడ సీళ్లు చేరును గనుక, కొన్ని మగవి పోయినను పుట్టుకలు తగ్గవు. అసలు ముట్టక వడ్డీ తినుట యన్నమాట!

అయితే రెండవ ప్రపంచయుద్ధానంతరము ఏటి పరిమితి 6,000ను మించిపోయెను. అప్పుడు రిచర్డ్ లాస్ అను శాస్త్రజ్ఞుడు చచ్చిన సీళ్ల దంతములను కోసి చూచెను. చెట్టు మానులో వలె దంతములో వలయము లుండును. వానినిబట్టి వయస్సు తెలియును. వేటకు చిక్కు జంతువుల వయస్సు తగ్గుచున్నదని, అనగా అసలే తరుగుచున్నదని తేలెను. 1952లో పరిమితిని మరల 6,000కు దించిరి. మంద తేరుకొనెను.

తిమింగిలములకు మాత్ర మా భాగ్యము లేకపోయెను. వానికిని లైసెన్సులుండెను, కాని 1925 తరువాత నడిసముద్రముననే నూనె తీయు ఓడలు వచ్చి, తీరప్రభుత్వపు చేతికి అందకపోయెను. తిమింగిలములు తరిగి కేంద్రములు మూతపడుచుండ, 1964లో సీళ్ల వేటయు ముగిసెను. నేడు బొచ్చు సీళ్లును మరల లక్షలలో నున్నవి.

లైసెన్సు కాగితము తనంతట కాపాడదు. లెక్క చూచు కన్నును, ఆపగల చేయియు దానికి తోడుండవలెనని మా అభిప్రాయము.