మీకు తెలుసా? ఉప్మా పెట్టి ఏళ్ల తరబడి వెంటపడ్డారు!

చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి బస్సెక్కని కుటుంబం అరుదు. 1969-73 మధ్య వేలూరు పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ పుట్టిన పిల్లల బరువు, పొడవు ఆ ఆసుపత్రి వాళ్లు రాసి పెట్టుకున్నారు. ఆ పిల్లలకు ముప్పై ఏళ్లు వస్తున్న వేళ 2,218 మందిని మళ్లీ పట్టుకుని షుగరు పరీక్ష చేశారు. చిన్నతనంలో బక్కగా ఉండి, తర్వాత పెద్దయ్యేలోగా ఒళ్లు చేసినవాళ్లకే షుగరు ముప్పు ఎక్కువని తేలింది.

హైదరాబాదు దగ్గర కథ ఇంకా తమాషా. 1987-90లో జాతీయ పోషకాహార సంస్థ 29 పల్లెలను ఎంచుకుంది. 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ఉప్మా అందింది. మొక్కజొన్న, సోయా పిండితో సోయా నూనె వేసి చేసిన ఉప్మా అది. మిగతా 14 పల్లెలకు అప్పటికి ఆ అంగన్‌వాడీ పథకం చేరలేదు. 2003-05లో వెళ్లి చూస్తే, ఉప్మా ఊళ్ల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగు. రక్తనాళాల బిగువూ తక్కువే. అక్కడితో ఆపేసి ఉంటే ఉప్మాకు జేజేలే! ఆపలేదు. వాళ్లు యవ్వనంలోకి వచ్చాక చూస్తే, గుండెజబ్బు ముప్పులో తేడా స్పష్టంగా కనబడలేదు.