ఒక్క నట్టు జారితే ఇంజనుకే ముప్పు

కొల్లిపర: ఎయిర్ క్లీనర్ విప్పినపుడు చెయ్యి జారిన ఒక చిన్న నట్టు చాలు, లక్షణంగా నడుస్తున్న కారు షెడ్డుకు చేరడానికి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా చేతులు మారి పల్లెలకు చేరిన పాత బండ్లు ఇంకా కొన్ని ఇళ్ల ముందు ఉన్నాయి. రాత్రివేళ రోగిని తెనాలి చేర్చాలన్నా, పెళ్లికి నలుగురు కలిసి వెళ్లాలన్నా ఆ ఇంటికి అదే ఆధారం. అటువంటి బండి ఇంజను పోతే రైతు కుటుంబానికి అది చిన్న దెబ్బ కాదు.

నష్టం ఎలా?

ఈ కారు ఇంజనుకు మూడు సిలిండర్లు, సామర్థ్యం 796 సీసీ. పాత బండ్లలో కార్బురేటరు ఉంటుంది. దాని నోట్లో పడిన నట్టు గాని, వదులై ఊడిన మర గాని గాలితోపాటు సిలిండరులోకి పోతుంది. పిస్టన్ పైకి వచ్చినపుడు దానికీ హెడ్డుకూ మధ్య ఖాళీ బహు స్వల్పం. నట్టు ఆ సందులో నలుగుతుంది. బండి నిలిచి ఉండి ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతున్నా, ఆ నిమిషంలో 900 దెబ్బలు పడతాయి. పిస్టన్ తలపై గుంటలు పడతాయి, ప్లగ్గు మొన అణిగిపోతుంది, వాల్వు వంగుతుంది.

టకటకమంటే ఆపండి

ఇంజనులో హఠాత్తుగా ఇనుము కొట్టుకున్న చప్పుడు వస్తే వెంటనే తాళం తిప్పి ఆపాలి. 'ఊరు దాకా పోదాం' అనుకుంటే వందలతో పోయే పని వేలకు ఎక్కుతుంది. మళ్లీ స్టార్టు చేసి చూడరాదు. తాడు కట్టి లాగించుకోవడమే మేలు.

ముందు మూడు ప్లగ్గులూ విప్పి చూడాలి. మొన అణిగినది ఏదో, దెబ్బతిన్న సిలిండరు అదే. ఇనుప ముక్కైతే అయస్కాంతానికి అంటుకుని రావచ్చు. ఇత్తడి, అల్యూమినియం ముక్కలు అలా రావు. తర్వాత కంప్రెషన్ కొలవాలి. ఒక సిలిండరులో బాగా తగ్గితే హెడ్డు దింపక తప్పదు.

హెడ్డు అల్యూమినియంది కనుక ఇంజను పూర్తిగా చల్లారాకే విప్పాలి. వేడి మీద విప్పితే వంగే ప్రమాదం ఉంది. పిస్టన్ మీద పైపై గుంటలే ఉంటే అంచులు నునుపు చేసి వాడవచ్చు. పగులు ఉంటే మార్చాలి. అందుకు కింద సంపు కూడా దింపాలి. వంగిన వాల్వు మార్చి, పేస్టుతో నూరి కూర్చోబెట్టాలి. సిలిండరు గోడపై గోరు తగిలేటంత గీత ఉంటే లేతు షాపులో బోరు చేయించాలి.

చాలామంది మరచే పని ఒకటుంది. నట్టు ముక్క వెనక్కి ఎగిరి మానిఫోల్డులో దాగి, మరునాడు పక్క సిలిండరులోకి పోవచ్చు. కాబట్టి మానిఫోల్డు విప్పి కడిగి, తక్కిన రెండు సిలిండర్లూ చూడాలి. బిగించేటపుడు కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను మధ్య నుంచి అంచులకు, విడతలుగా, టార్కు పానాతో బిగించాలి.

బాగుచేయించాలా, పాత ఇంజను తెచ్చి మార్చాలా అన్న ప్రశ్న వస్తుంది. హెడ్డు విప్పి నష్టం కళ్లారా చూసి, పిస్టన్, వాల్వు, లేతు పని ఖర్చులు విడివిడిగా రాయించుకున్నాక తేల్చుకోవాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత ఇంజను కొనేవారు కంప్రెషన్ చూడకుండా డబ్బు ఇవ్వరాదు. మార్చిన ఇంజను నంబరును రవాణా శాఖ రికార్డుల్లో ఎక్కించుకోవడం మరవరాదు.

ఇంతటి తంటాకు మందు మూరెడు గుడ్డ. ఎయిర్ క్లీనర్ తీయగానే కార్బురేటరు మూతిపై శుభ్రమైన గుడ్డ కప్పాలి. విప్పిన ప్రతి నట్టూ పళ్లెంలో వేసి లెక్కపెట్టాలి. లెక్కలో ఒకటి తగ్గితే, అది దొరికేదాకా తాళం తిప్పకూడదు.